ఓపెన్ ఇంటర్‌లో సోషియాలజీ: ఇంటి దగ్గరే చదివి పాసవడం ఎలా

ఓపెన్ ఇంటర్‌లో సోషియాలజీ ఎందుకు తీసుకున్నారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: లెక్కలు లేవు, ప్రాక్టికల్ లేదు, అంతా మనకు తెలిసిందే. మొదటి రెండూ నిజం. కొంప ముంచేది మూడోది. కుటుంబం, పెళ్లి, కులం, మతం, ఊరు, పట్నం, వీటి మీద ఎవరికైనా పుస్తకం తెరవక ముందే బోలెడు అభిప్రాయాలు ఉంటాయి. పరీక్షలో అవే నాలుగు పేజీలు నింపి వస్తారు, మార్కులు చూసి బిత్తరపోతారు. కాలేజీలో అయితే లెక్చరర్ మధ్యలోనే ఆపి, ‘ఇది నీ మాట, పాఠం మాటేది?’ అని అడుగుతారు. దూరవిద్యలో ఆ ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. కింద చెప్పే పద్ధతంతా అందుకోసమే.

చేరే ముందు చూసుకోవాల్సినవి

ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులకు రెండు దారులున్నాయి. ఒకటి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్. రెండోది మీ రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీ. ఎన్ఐఓఎస్ సీనియర్ సెకండరీలో, అంటే ఇంటర్ స్థాయిలో, సోషియాలజీ కోడ్ 331. పది పాసై, 15 ఏళ్లు నిండి ఉండాలి. సర్టిఫికెట్‌కు కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒకటైనా భాష ఉండాలి. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, ఆ లోపల తొమ్మిది పబ్లిక్ పరీక్షల అవకాశాలు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరుల్లో జరుగుతాయి. సబ్జెక్టుకు పాస్ మార్కు 33 శాతం. రెగ్యులర్ ఇంటర్ మధ్యలో ఆగిపోయినవాళ్లు అక్కడ పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కులు ఇటు బదిలీ చేయించుకోవచ్చు.

రాష్ట్ర ఓపెన్ స్కూళ్లలో పాస్ మార్కు, ఇంటర్నల్ వాటా, సిలబస్ విభజన ఇలాగే ఉండాలని లేదు. ఆ ఏటి ప్రాస్పెక్టస్ ఒక్కటే ప్రమాణం. యూట్యూబ్‌లో ఎవరో చెప్పింది, పక్కింటి అన్నయ్య రెండేళ్ల కిందట చేసింది పనికిరావు.

మీడియం సంగతి చేరకముందే తేల్చుకోండి. అప్లికేషన్‌లో మీరు పెట్టిన మీడియంలోనే ప్రశ్నపత్రం వస్తుంది. తెలుగులో చదవాలనుకునేవాళ్లు ఆ మీడియంలో సోషియాలజీ పుస్తకం నిజంగా ఉందో లేదో స్టడీ సెంటర్‌లో అడిగి, కుదిరితే కళ్లతో చూసి, ఆ తర్వాతే టిక్ పెట్టాలి. పుస్తకం ఒక భాషలో, పరీక్ష ఇంకో భాషలో అయితే చదువు రెట్టింపు అవుతుంది.

ఎక్కువమంది జారిపడే చోటు ఇంకొకటుంది. ఎన్ఐఓఎస్‌లో అడ్మిషన్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు. చేరినంత మాత్రాన హాల్‌టికెట్ రాదు. ప్రతి పరీక్షకూ ముందు పోర్టల్‌లోకి వెళ్లి, ఏ సబ్జెక్టులు రాస్తున్నారో ఎంచుకుని విడిగా ఫీజు కట్టాలి. ఆ ఫీజుకు ఆఖరి గడువు దాటితే ఆరు నెలలు పోయినట్టే.

పుస్తకం చేతికి రాగానే

చదవడం మొదలుపెట్టకండి. ముందు ఒక గంట పెన్సిల్ పట్టుకుని కూర్చోండి.

ఎన్ఐఓఎస్ ఇప్పుడు ప్రతి సబ్జెక్టు సిలబస్‌ను రెండుగా విడదీస్తోంది. దాదాపు 40 శాతం పాఠాలు టీఎంఏకి, అంటే ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్‌కు. మిగతా 60 శాతం పబ్లిక్ పరీక్షకు. ఏ పాఠం ఎటో తెలిపే పట్టిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాన్ని దించుకుని, విషయసూచికలో ప్రతి పాఠం పక్కనా ‘అ’ (అసైన్‌మెంట్) లేదా ‘ప’ (పరీక్ష) అని రాసుకోండి. సోషియాలజీ పుస్తకంలో ముప్పైకి పైగా పాఠాలున్నాయి. ఈ గుర్తులు లేకుండా మొదలుపెట్టేవాళ్లలో కొందరు పరీక్షకు రాని పాఠాలను నెలల తరబడి బట్టీ పడతారు. ఇంకొందరు ఎవరి దగ్గరో పాత పట్టిక తీసుకుని, వచ్చే పాఠాలనే వదిలేస్తారు. రెండోది మరీ ప్రమాదం.

‘అ’ గుర్తున్న పాఠాలను పూర్తిగా వదలకూడదు. ప్రాథమిక భావనలు వాటిలో ఉంటే, అవి రాకుండా మిగతా పాఠాలు అర్థం కావు. వాటిని ఒకసారి చదివి నోట్సులోకి ఎక్కించండి, బట్టీ మాత్రం వద్దు.

తర్వాత ఐచ్ఛిక మాడ్యూల్. చివర్లో స్త్రీల స్థాయి, సంస్కృతి అని రెండుంటాయి, ఒకటే చదవాలి. చాలామందికి మొదటిదే మేలు. కుటుంబం, వివాహం, సామాజిక సమస్యల పాఠాల్లో చదివిందే అక్కడ మళ్లీ ఉపయోగపడుతుంది, కొత్తగా పట్టాల్సింది తక్కువ. చరిత్ర కూడా ఒక సబ్జెక్టుగా తీసుకున్నవాళ్లకు సంస్కృతి మాడ్యూల్ తేలిగ్గా ఉండొచ్చు. ఏదైనా సరే, ఈ రోజే నిర్ణయించుకుని రెండోదాన్ని పుస్తకంలో కొట్టేయండి. పరీక్షలో ‘ఏది తెలిస్తే అది రాద్దాం’ అని రెండింటి ప్రశ్నలూ కలగలిపి రాస్తే ఒకదానికే మార్కులు పడతాయి.

ఆ గంటలోనే గత రెండు మూడు పరీక్షల ప్రశ్నపత్రాలు, ఈ ఏటి టీఎంఏ ప్రశ్నలు దించి పెట్టుకోండి. ఇప్పుడే జవాబులు రాయాలని కాదు, ప్రశ్నలు ఏ తీరున అడుగుతారో తెలియడానికి.

ఏ వరసలో చదవాలి

పుస్తకం మొదట సోషియాలజీ పుట్టుక, తర్వాత పరిశోధన పద్ధతులు చెబుతుంది. ఇంటి దగ్గర ఒంటరిగా చదివేవాళ్లు అక్కడే చతికిలపడతారు. ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, నోరు తిరగని పేర్లు వరసగా మీద పడతాయి. ఆ ఆలోచనాపరులు ఏ ప్రశ్నలకు జవాబు వెతికారో తెలియకుండా పేర్లు పట్టుకుంటే వారంలో మరిచిపోతారు.

ఇలా మార్చుకోండి. ముందు సమాజం, సముదాయం, సంఘం, సంస్థ, సమూహాలు, అంతస్తు (సమాజంలో మనిషికున్న స్థానం)-పాత్ర, విలువలు-నియమాలు. ఇవి ఈ శాస్త్రానికి పనిముట్లు. తర్వాత వివాహం, కుటుంబం, బంధుత్వం. ఆపైన స్తరీకరణ (సమాజం ఎక్కువ తక్కువల అంతరాలుగా విడిపోవడం) పాఠాన్ని, భారత సమాజం మాడ్యూల్‌లో ఉన్న కులం పాఠాన్ని ఒకే వారంలో పక్కపక్కన పెట్టి చదవండి. పుస్తకంలో ఇవి ఎంతో దూరంగా ఉంటాయి, విషయం మాత్రం ఒకటే. తర్వాత సామాజీకరణ, నియంత్రణ, మార్పు. పుట్టుక, పద్ధతులు, ఆలోచనాపరుల పాఠాలు అప్పుడు తీయండి. చివరగా భారత సమాజంలో మిగిలినవి, ఐచ్ఛిక మాడ్యూల్.

సమయం లెక్క: వారానికి 5 గంటల చొప్పున 30 వారాలు, మొత్తం 150 గంటలు. ఇందులో చదవడానికి, నోట్సుకు 90, జవాబులు రాసి చూసుకోవడానికి 30, టీఎంఏకి 10, పునశ్చరణకు 20. అంత వ్యవధి లేనివాళ్లు చదివే గంటలు తగ్గించుకోవాలి గానీ రాసే గంటల జోలికి పోకూడదు. జనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు: చదివిందే మూడోసారి చదువుతారు, ఒక్క జవాబూ గడియారం పెట్టుకుని రాయరు.

భావనల నోటుబుక్కు

పాఠం సారాంశం రాసుకునే అలవాటు మానండి. సోషియాలజీలో పాఠం కంటే భావన ముఖ్యం. ఒక్కో భావనకు అర పేజీ. అందులో ఐదు అంశాలు: నిర్వచనం రెండు వాక్యాల్లో, ఎవరు చెప్పారు, ఒక ఉదాహరణ, దీనితో కలిసిపోయే ఇంకో భావన ఏది, తేడా పట్టుకునే కిటుకు.

పాత్ర సంఘర్షణ మీద పేజీ ఇలా ఉండొచ్చు. ‘ఒకే వ్యక్తికి ఒకే సమయంలో ఉన్న రెండు అంతస్తులు పరస్పర విరుద్ధమైన ప్రవర్తనను ఆశించినప్పుడు ఏర్పడే స్థితి. ఉదాహరణ: పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌గా ఉన్న టీచరుకు సొంత కూతురు కాపీ కొడుతూ కనిపించింది. టీచరుగా పట్టుకోవాలి, తల్లిగా కాపాడాలనిపిస్తుంది. కలిసిపోయేది: ఒకే పాత్రలో ఎదురయ్యే ఒత్తిడి. కిటుకు: అంతస్తులు రెండా, ఒకటేనా లెక్కపెట్టు. రెండైతే సంఘర్షణ.’ ఇంతే. చాలామంది ‘ఇంట్లో పని ఎక్కువై అలసిపోవడం’ అని ఉదాహరణ రాస్తారు. అది అలసటే, పాత్ర సంఘర్షణ కాదు. కిటుకు రాసుకున్నవాళ్లు ఆ పొరపాటు చేయరు.

సంఘానికీ సంస్థకూ తేడా ప్రతిసారీ తికమక పెడుతుంది. సామాజిక శాస్త్రవేత్త మెకైవర్ చెప్పిన గీటురాయి గుర్తుంచుకోండి: సంఘంలో మనం సభ్యులం అవుతాం, సంస్థలో కాలేం. సంస్థ అంటే ఒక పని జరిగే స్థిరమైన పద్ధతి. కార్మిక సంఘం, క్రికెట్ క్లబ్, రాజకీయ పార్టీ సంఘాలు. వివాహం, ఆస్తి, వారసత్వం సంస్థలు. పెళ్లి చేసుకోవచ్చు గానీ పెళ్లిలో సభ్యత్వం తీసుకోలేరు కదా. బయట ‘స్వచ్ఛంద సంస్థ’, ‘విద్యా సంస్థ’ అని వాడే వాడుకను పరీక్ష జవాబులోకి తెచ్చుకోకండి.

జంటలుగా నేర్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి: ప్రాథమిక సమూహం-ద్వితీయ సమూహం, ఆరోపిత అంతస్తు-సాధిత అంతస్తు, అంతర్వివాహం (సొంత సమూహంలోనే పెళ్లి)-బహిర్వివాహం (సమూహం బయట పెళ్లి), సర్దుబాటు-విలీనం, కులం-వర్గం, లోకరీతులు-లోకనీతులు. ‘తేడాలు రాయండి’ అనే ప్రశ్నలకు వీటికి మించిన ముడిసరుకు లేదు. పారిభాషిక పదాలు మాత్రం మీ పుస్తకంలో ఉన్నవే వాడండి, గైడులో వేరేగా ఉంటే పక్కన రాసి పెట్టుకోండి చాలు.

బంధుత్వం పాఠంలో తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు మనకు బావలు, మరదళ్లు, వదినలు. పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మొదటివాళ్లు పెళ్లి వరస, రెండోవాళ్లు కాదు. మొదటివాళ్లను విలోమ సంతతి అంటారు, రెండోవాళ్లను సమాంతర సంతతి. ఇరావతీ కార్వే 1953లో భారతదేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ, తూర్పు మండలాలుగా విడదీసి బంధుత్వాన్ని వివరించినప్పుడు దక్షిణ మండలానికి ప్రధాన లక్షణంగా నిలిచింది ఈ మేనరికమే. మీ కుటుంబ పటం ఒకటి గీసి చూడండి: పురుషుడికి త్రిభుజం, స్త్రీకి వృత్తం, పెళ్లికి సమాన గుర్తు, తోబుట్టువులను కలపడానికి పైన అడ్డగీత, సంతానానికి నిలువు గీత. మూడు తరాలు గీస్తే పాఠంలో సగం చేతిలోకి వచ్చేస్తుంది. జవాబులో ఈ పటం చిన్నదిగా వేసినా బాగుంటుంది. పేర్లు మాత్రం రాయొద్దు, ‘మేనమామ’, ‘మేనత్త’ అని వరసలు రాస్తే చాలు.

అభిప్రాయాన్ని జవాబుగా మార్చడం

ఎక్కువ కష్టపడాల్సింది ఇక్కడే. ‘కులవ్యవస్థ లక్షణాలు వివరించండి’ అన్న ప్రశ్న తీసుకోండి. తరచూ కనిపించే జవాబు ఇలా ఉంటుంది:

‘కులం మన దేశానికి పట్టిన చీడ. పూర్వం మన పెద్దలు వృత్తుల కోసం కులాలు పెట్టారు. తర్వాత కొందరు స్వార్థపరులు దాన్ని పాడు చేశారు. ఇప్పుడు చదువుకున్నవాళ్లు ఎవరూ కులం పట్టించుకోవడం లేదు. యువత ముందుకు వచ్చి కులాన్ని నిర్మూలించాలి.’

ఇందులో మార్కు పడే వాక్యం ఒక్కటీ లేదు. లక్షణాలు అడిగితే తీర్పు, చరిత్ర మీద ఊహ, పిలుపు రాశారు. ‘ఎవరూ పట్టించుకోవడం లేదు’ అన్నదానికి ఆధారం లేదు. కులంలోనే సంబంధాలు వెతికే పెళ్లి ప్రకటనలు పేపర్లో రోజూ కనిపిస్తూనే ఉన్నాయి.

అదే ప్రశ్నకు ఇలా రాయాలి:

‘కులం జన్మతో నిర్ణయమయ్యే, అంతర్వివాహాన్ని పాటించే సామాజిక సమూహం. జి.ఎస్. ఘుర్యే 1932లో కులానికి ఆరు లక్షణాలు చెప్పాడు. సమాజం ఖండాలుగా విడిపోవడం, సోపానక్రమం, భోజనం-సామాజిక సంబంధాలపై ఆంక్షలు, కొన్ని కులాలకు పౌర-మత ప్రత్యేక హక్కులు, మరికొన్నింటికి అనర్హతలు, వృత్తి ఎంపికలో స్వేచ్ఛ లేకపోవడం, వివాహంపై ఆంక్షలు. వీటిలో భోజన, వృత్తి ఆంక్షలు నగరాల్లో బాగా సడలాయి. అంతర్వివాహం ఎక్కువగా నిలిచి ఉంది. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది.’

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పద్ధతి తెలుస్తుంది. మొదట నిర్వచనం, తర్వాత ఎవరు ఎప్పుడు చెప్పారు, తర్వాత అంశాలు, తర్వాత ఏది మారింది ఏది మారలేదు. కొత్త జవాబు రాసిన ప్రతిసారీ ఎర్ర పెన్నుతో ‘ఉండాలి’, ‘కావాలి’, ‘మంచిది’, ‘చెడ్డది’, ‘ఈ రోజుల్లో అందరూ’ అనే మాటల కింద గీతలు గీయండి. రెండు కంటే ఎక్కువ గీతలు పడితే జవాబు తిరగరాయండి. పరిష్కార మార్గాలు అడిగిన ప్రశ్నలో ‘ఉండాలి’ రావచ్చు. అక్కడ కూడా పిలుపు కాదు, చట్టం పేరు, సంవత్సరం పడాలి: వరకట్న నిషేధ చట్టం 1961, గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005, ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ 2005.

అంకెలు రాస్తే ఏ జనాభా లెక్కలవో రాయాలి. పాత ముద్రణల్లో 2001 అంకెలు ఉండొచ్చు. 2011 లెక్కల ప్రకారం ఎస్సీలు జనాభాలో 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం, వెయ్యిమంది పురుషులకు స్త్రీలు 943. సంవత్సరం లేని అంకె కంటే అంకె లేని వాక్యమే నయం.

ఆలోచనాపరులు: ఎంతమంది, ఎంత

అందరినీ పట్టుకోనక్కర్లేదు. ఒక్కొక్కరికీ ఒక ప్రశ్న, ఒక మాట, ఒక సంవత్సరం కడితే చాలు. ఆగస్ట్ కాంట్ ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు. సంవత్సరం 1838 అని కొన్ని పుస్తకాల్లో, 1839 అని కొన్నింట్లో ఉంటుంది, మీ పుస్తకంలో ఉన్నదే రాయండి. ఆత్మహత్య లాంటి పూర్తి వ్యక్తిగతమైన పని వెనక కూడా సామాజిక కారణాలు ఉంటాయని 1897లో డర్క్‌హైమ్ గణాంకాలతో చూపించాడు. వర్గ సంఘర్షణ అంటే మార్క్స్. మత విశ్వాసానికీ పెట్టుబడిదారీ స్ఫూర్తికీ ముడి వేసినవాడు వెబర్. ప్రాథమిక సమూహం అన్న భావన 1909లో కూలీ ఇచ్చాడు. మన సమూహం, పరాయి సమూహం అన్న విభజన, లోకరీతుల చర్చ సమ్నర్‌వి, 1906. యంత్రాలు ముందుకు పోతే ఆచారాలు వెనకబడతాయన్న సాంస్కృతిక విలంబన ఆగ్‌బర్న్‌ది, 1922.

భారతీయుల్లో ఘుర్యే, ఎం.ఎన్. శ్రీనివాస్ తప్పనిసరి. శ్రీనివాస్ 1952లో కూర్గుల మీద చేసిన అధ్యయనంతో సంస్కృతీకరణ అన్న భావన ప్రచారంలోకి వచ్చింది: కింది కులం పై కులం ఆచారాలు, తిండి, పూజలు అనుసరించి అంతస్తు పెంచుకునే ప్రయత్నం. తర్వాత ప్రాబల్య కులం (ఊళ్లో భూమి, సంఖ్యాబలం ఉన్న కులం) అన్న మాటా ఆయనదే. గ్రామ అధ్యయనాల ప్రశ్న వస్తే ఎస్.సి. దూబేను వదలకండి. 1955లో పుస్తకంగా వచ్చిన ఆయన అధ్యయనం హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీదే. ఈ ఒక్క ముక్క రాసినా జవాబు బట్టీ పట్టినట్టు అనిపించదు.

టీఎంఏ: ఆషామాషీగా వదిలేసే 20 మార్కులు

ఎన్ఐఓఎస్‌లో టీఎంఏకి 20 శాతం వాటా. ఆరు ప్రశ్నలు, 20 మార్కులు. మొదటి మూడు ఒక్కోటి 2 మార్కులు, 40 నుంచి 60 మాటలు. తర్వాతి రెండు ఒక్కోటి 4 మార్కులు, 100 నుంచి 150 మాటలు. ఆరోది 6 మార్కుల ప్రాజెక్టు, దాదాపు 500 మాటలు. ప్రతి ప్రశ్నలోనూ ఒకదానికి బదులు ఇంకొకటి ఎంచుకునే వీలుంటుంది.

ఇంటర్నెట్‌లో, జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్ టీఎంఏ జవాబులు దొరుకుతాయి. వాటి జోలికి పోకపోవడం నీతి కోసం మాత్రమే కాదు. ఒకే సెంటర్ నుంచి ఒకే అక్షరదోషంతో అనేక కాపీలు వస్తే దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది. పైగా వాటిలో చాలా వరకు పాత సంవత్సరం ప్రశ్నల జవాబులే. ప్రశ్నలు ఏటా మారతాయి. మీ సెషన్ పేరు టీఎంఏ పైన ఉంటుంది, మొదట అది చూడండి.

ప్రాజెక్టుకు దూరవిద్యవాళ్లే రెగ్యులర్ వాళ్ల కంటే మెరుగ్గా ఉంటారు. ఉద్యోగం, కాపురం, ఊరు అన్నీ చేతికందే దూరంలో ఉంటాయి. కుటుంబ రూపంలో మార్పు అన్న అంశం వచ్చిందనుకోండి. ఐదు ఇళ్లు చాలు. ఐదూ మీ చుట్టాలవే అయితే ఫలితం ఒకేలా వస్తుంది, కాబట్టి వేరు వేరు వృత్తులవాళ్లను ఎంచుకోండి. ప్రతి ఇంట్లో తాతల కాలం, తల్లిదండ్రుల కాలం, ఇప్పటి కాలం అని మూడు తరాలకూ అవే ఆరు ప్రశ్నలు: ఇంట్లో ఎంతమంది ఉండేవారు, వంట ఒకే పొయ్యి మీదా, భూమి లేదా ఆదాయం ఎవరి పేరున, పెళ్లి సంబంధం ఎవరు చూశారు, వధువు వయసు, పెళ్లయ్యాక ఎక్కడ ఉన్నారు. మూడు తరాలు మూడు నిలువు వరసలుగా ఒక పట్టిక.

అడిగే తీరు ముఖ్యం. ‘మీరు కట్నం తీసుకున్నారా?’ అంటే జవాబు ‘లేదు’ అనే వస్తుంది, నిజమెలా ఉన్నా సరే. ‘పెళ్లిలో రెండు వైపులా ఏమేం పెట్టుపోతలు జరిగాయి?’ అంటే చెబుతారు. ‘ఉమ్మడి కుటుంబాలు పోవడం బాధాకరం కదా?’ అనేది అసలు ప్రశ్నే కాదు, జవాబు మీరే అందించారు. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పి, ఒప్పుకుంటేనే రాసుకోండి. ఇంటి పేర్లు రాయకుండా ఇల్లు 1, ఇల్లు 2 అని గుర్తులు పెట్టండి.

500 మాటలు ఇలా పంచుకోవచ్చు: ఉద్దేశం 40, ఎవరిని ఎలా అడిగారు 80, పట్టికలో కనబడినవి 200, వాటిని పాఠంలోని భావనలతో కలపడం 130, పరిమితులు 50. ఎక్కువమంది వదిలేసేది ఆ 130 మాటలే. పట్టికలో మూడో తరం వేరు కాపురాలు పెట్టుకున్నా పొలం పంచుకోలేదని తేలిందనుకోండి. నివాసం విడిపోయినా ఆస్తి, పండగలు, ఖర్చులు కలిసే ఉన్నాయి కాబట్టి అది పూర్తిగా వ్యష్టి కుటుంబం (భార్యాభర్తలు, పిల్లలు మాత్రమే ఉండేది) కాదు అని రాయండి. దిద్దేవాళ్లకు కావలసింది ఆ వాక్యం. పరిమితుల్లో ‘ఐదు ఇళ్లు కాబట్టి ఊరంతటికీ వర్తించదు’ అని ఒప్పుకుంటే మార్కు తగ్గదు, పెరుగుతుంది.

రాశాక స్కాన్ చేసి పోర్టల్‌లో పెట్టేటప్పుడు జరిగే పొరపాట్లు చిన్నవే, నష్టం పెద్దది. ప్రతి పేజీ మీద పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, సబ్జెక్టు కోడ్ రాయండి. నీలం లేదా నల్ల ఇంకు, తెల్లకాగితం. పగటి వెలుగులో నీడ పడకుండా ఫొటో తీసి, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా వరసలో కలపండి. ఎక్కించాక అదే ఫైలును తిరిగి తెరిచి చివరి పేజీ దాకా చూడండి, ఇంకో సబ్జెక్టు ఫైలు ఎక్కించి చూసుకోని వాళ్లు కొల్లలు. అందినట్టు వచ్చే రసీదు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆఖరి రెండు రోజుల్లో సైట్ మొరాయిస్తుంది, గడువుకు వారం ముందే పంపేయండి.

కాంటాక్ట్ క్లాసులు

స్టడీ సెంటర్‌లో జరిగే క్లాసుకు ఖాళీ చేతులతో వెళ్తే పాఠం మొదటి నుంచి చదివి వినిపిస్తారు, అది ఇంట్లోనూ అవుతుంది. గడియారం పెట్టుకుని రాసిన రెండు జవాబులు పట్టుకెళ్లి దిద్దించుకోండి. సెంటర్‌లో సోషియాలజీ చెప్పేవాళ్లు లేకపోతే పొలిటికల్ సైన్స్ టీచరైనా జవాబు నిర్మాణం చూసి చెప్పగలరు. అదీ కుదరకపోతే అదే సబ్జెక్టు తీసుకున్న ఇంకొకరితో జవాబు కాగితాలు మార్చుకోండి, ఎర్ర పెన్ను పని ఎదుటివాళ్లతో చేయించండి. పరాయి జవాబులో అభిప్రాయం ఇట్టే కనబడుతుంది.

పరీక్ష రోజు

మూడు గంటలు, 180 నిమిషాలు. పేపరు చదివి ప్రశ్నలు ఎంచుకోవడానికి 15 నిమిషాలు, చివర్లో సరిచూసుకోవడానికి 15. మిగిలిన 150 నిమిషాల్లో 100 మార్కుల పేపరుకు మార్కుకు ఒకటిన్నర నిమిషం. 2 మార్కుల ప్రశ్నకు 3 నిమిషాలు, 4 మార్కులకు 6, 6 మార్కులకు 9. తెలిసిన ప్రశ్న దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఇష్టమైన పాఠం రాగానే మూడు పేజీలు రాసి, ఆఖరి పెద్ద ప్రశ్నకు చేయి ఆడదు.

ప్రశ్నలో క్రియ చూడండి. ‘నిర్వచించండి’ అంటే రెండు వాక్యాలు. ‘తేడా చూపండి’ అంటే రెండు నిలువు వరసలు, ఎదురెదురుగా అవే అంశాలు. ‘వివరించండి’ అంటే అంశాలు, ప్రతిదానికీ ఉదాహరణ. ‘చర్చించండి’ అంటే రెండు వైపులా రాయాలి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో దగ్గర దగ్గర భావనలే ఎంపికలుగా ఇస్తారు. నోటుబుక్కులో రాసుకున్న కిటుకులు అక్కడ అక్కరకు వస్తాయి.

ఫలితాలు వచ్చాక మార్కుల మీద అనుమానం ఉంటే రీచెకింగ్‌కు గడువులోపు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. అందులో మొత్తం కూడిక, దిద్దకుండా వదిలిన జవాబులు చూస్తారు. మళ్లీ మొదటి నుంచి దిద్దడం కావాలంటే రీవాల్యుయేషన్ వేరు, దాని ఫీజూ వేరు. తప్పినవాళ్లు మిగతా సబ్జెక్టులు మళ్లీ రాయనక్కర్లేదు, పాసైనవి ఐదేళ్ల గడువులో అలాగే ఉంటాయి. సోషియాలజీ ఒక్కదానికే తర్వాతి పరీక్షకు ఫీజు కట్టండి. కట్టే ముందు ఆ సెషన్‌కు సిలబస్ విభజన మారిందేమో చూసి, విషయసూచికలో ‘అ’, ‘ప’ గుర్తులు సరిచేసుకోండి.